రాయగడ బజారులో గోడలకు తొడుగుతున్న రేకులు

గత వేసవిలో మా బావగారు ఒడిశాలోని రాయగడ బజారులో ఉన్న తన రెండంతస్తుల దుకాణానికి కొత్త ఎలివేషన్ చేయించారు. పై అంతస్తులోని మూడు కిటికీలనూ తీయకుండానే, వాటి మీదుగా ఏసీపీ (అల్యూమినియం కాంపొజిట్ ప్యానెల్) షీట్లు బిగించి సందులన్నీ సిలికాన్‌తో మూసివేశారు. ఈ సరుకు పూర్తిగా రీసైకిల్ అవుతుందని, పర్యావరణానికి మంచిదని, గదులు చల్లబడతాయని కాంట్రాక్టరు చెప్తే ఇంట్లో అందరమూ నమ్మాం. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ గదిలో కూర్చోలేక ఇప్పుడు ఏసీ పెట్టించారు. గాలి వచ్చే దారిని డబ్బిచ్చి మూయించుకొని, ఆ గాలి కోసం నెలనెలా కరెంటు బిల్లు కట్టవలసిన స్థితిని పర్యావరణ హితమని పిలవడం నాకు చాలా బాధగా ఉంది.

ఆ షీటు 4 మిల్లీమీటర్ల మందం ఉంటే, అందులో అల్యూమినియం పైనొక పలుచని రేకు, వెనుకనొక పలుచని రేకు మాత్రమే. మధ్యలో ఉండేది, చౌక రకాల్లో, పాలిథిలీన్ అనే ప్లాస్టిక్. కిలో పాలిథిలీన్ కాలితే వచ్చే వేడి కిలో కిరసనాయిలు ఇచ్చే వేడికి దాదాపు సమానం. లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌కు ఇటువంటి పలకలనే, పాత భవనం చూడముచ్చటగా ఉండాలని, చలికాలంలో వేడి బయటకు పోకూడదని తొడిగారు. 2017 జూన్ 14న ఒక ఫ్లాటు వంటగదిలో పుట్టిన మంట కిటికీ దాటి ఆ తొడుగును అందుకున్నాక అరగంటలోపే పైకప్పు దాకా పాకింది. 72 మంది చనిపోయారు. మన బజారులో కరెంటు తీగలు ఆ షీట్లకు బారెడు దూరంలోనే వేలాడుతున్నాయి. సులభంగా అంటుకోని, ఖనిజపు పొడి నింపిన ఏ2 రకం పలకలు కూడా దొరుకుతాయి, కాని ధర ఎక్కువ కనుక వాటి మాట ఎవరూ ఎత్తరు.

రీసైకిల్ సంగతి మన జిల్లావాళ్లం మరింత జాగ్రత్తగా వినాలి. అల్యూమినియం తీసే ఖనిజం బాక్సైట్ మనకు పుస్తకంలో చదివిన పేరు కాదు: కొరాపుట్‌లో పంచపట్మాలి గని ఉంది, మన కాశీపురం కొండల్లో తవ్వకం సాగుతోంది, నియమగిరిని తవ్వవద్దని 2013లో రాయగడ, కలహండి జిల్లాల 12 గ్రామసభలు తేల్చిచెప్పాయి. ఖనిజం నుంచి కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు పడుతుంది. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడుకుంటే అందులో ఇరవయ్యో వంతు శక్తి చాలు, నిజమే. అయితే అందుకు రేకును ప్లాస్టిక్ నుంచి విడదీయాలి. పాతసామాన్ల దుకాణంలో నేను అడిగితే అటువంటి ముక్కలు తమకు వద్దన్నారు.

గోడకు తొడుగే వద్దని నేను అనడం లేదు. పారిస్‌లో వాస్తుశిల్పి రెంజో పియానో 1991లో పూర్తిచేసిన ర్యూ ద మో ఇళ్లకు కాల్చిన మట్టి పలకలు తొడిగారు. ఇటువంటి పలకలను గోడకు కొంత ఎడంగా ఫ్రేము మీద నిలబెట్టి, కింద, పైన సందు వదిలితే, ఎండకు వేడెక్కిన గాలి పైకి పోతుంది, లోపలికి చిమ్మిన వాన కిందికి జారిపోతుంది. మన పెంకుటిళ్ల కప్పు ఎన్ని తరాలుగానో చేస్తున్న పని ఇదే. గజపతి జిల్లాను 2018లో అతలాకుతలం చేసిన తిత్లీ వంటి తుఫానుకు నిలవాలంటే ఆ ఫ్రేము బోల్టులతో గోడలోకి దిగి ఉండాలి, టేపుతో అంటించి సరిపెట్టుకోకూడదు. మట్టిని కాల్చడానికీ ఇంధనం ఖర్చవుతుంది, అయినా ఆ పలక మంటకు మేత కాదు.

కిటికీలకు ఎదురుగా ఉన్న ఆరు షీట్లను వచ్చే ఫాల్గుణంలోగా విప్పించడానికి బావగారు ఒప్పుకున్నారు. మిగతా వాటి మధ్యలో ఉన్నది ఏ రకమో కాగితం మీద రాసివ్వమని కాంట్రాక్టరును అడిగాం, ఇంకా ఇవ్వలేదు.