మా లాడ్జిని ముంచింది దుప్పట్లు

పెద్ద హోటళ్లు సమర్థంగా నడుస్తయి, చిన్నవి నడవవు అని హోటళ్ల సామర్థ్యం మీద మీరు రాసిన వ్యాసంలో తేల్చేసిన్రు. గదులు ఎక్కువుంటే ఒక్కో గది మీద పడే ఖర్చు తగ్గుతది, నిజమే. కానీ నల్లగొండల 22 గదుల లాడ్జిల ఆరేండ్లు కౌంటర్ మీద కూసున్నోడిగా ఒక మాట చెప్త.

మా తంటా గదుల సంఖ్యతోని రాలే, దుప్పట్లతోని వచ్చింది. మంచానికి మూడు సెట్లుండాలె. ఒకటి పరుపు మీద, ఒకటి లాండ్రీల, ఒకటి అల్మారాల. మాకున్నయి రెండే. శ్రావణంల ముహూర్తాలు, పైన ముసురు. పొద్దున పెండ్లోళ్లు ఖాళీ చేసి పోతరు, ఉతికిన బట్టలేమో ఆరవు. గదులు ఖాళీగనే ఉంటయి, వచ్చినోళ్లు సూట్‌కేసుల మీద కూసొని మమ్మల్ని తిడుతుంటరు. సేటు మాత్రం ఆ ఏడు గదిగదికి కొత్త టీవీలు తెచ్చిండు!

ఇంకోటి బోరు నీళ్లు. మా దిక్కు ఫ్లోరైడ్ గోస అందరికి తెలుసు గానీ, లాడ్జికి అసలు దెబ్బ ఉప్పునీళ్లది. గీజరు కాయిల్‌కు తెల్లగ పెచ్చు కడుతది, బకెట్ నీళ్లు కాగేసరికి మీటరు గిర్రున తిరుగుతది. మూణ్నెల్లకోసారి విప్పి గీకించుడు మొదలుపెట్టినంకనే కరెంటు బిల్లు దిగొచ్చింది.

ఆషాఢంల నాలుగు గదులే నిండినా జీతాలు మామూలే. ఈ రాత్రి పోని గదిని రేపటికి దాచలేం కదా. అందుకే ఆ నెలంతా పై అంతస్తు బంద్ పెట్టి కిందివే ఇచ్చేటోళ్లం. ఊడ్చేటందుకు ఒక్క మనిషి చాలు. ఇదంతా మీ సామర్థ్యం లెక్కల్ల ఏ గడిల రాస్తరో చెప్పున్రి.