రంగేసిన రాచ్చిప్ప

ఈమధ్య చెన్నైలో మన తెలుగువాళ్ల ఏ ఇంటికి వెళ్లినా వంటింటి గట్టు మీద ఎర్రదో నీలందో ఎనామిల్ పూత ఉన్న పోత ఇనుప గిన్నె కనిపిస్తోంది. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, బరువైన మూత. చాలావరకు అమెరికా నుంచి పిల్లలు తెచ్చినవే. పచ్చళ్లు మోసుకెళ్లిన పెట్టెలోనే, 23 కిలోల లెక్కలో ఐదు కిలోలు దీనికే ఖర్చుపెట్టి మరీ తెస్తారు. తీరా చూస్తే ఏడాదికోసారి అందులో పాస్తా. మిగతా రోజుల్లో అరటిపళ్లు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మన పులుసు కోసమే పుట్టినట్టున్న గిన్నె కదా అది!

1925లో ఉత్తర ఫ్రాన్స్‌లో ఇద్దరు బెల్జియం వాళ్లు, ఒకరు పోత పని తెలిసినాయన, ఇంకొకరు ఎనామిల్ పని తెలిసినాయన, కలిసి ఇలాంటి గిన్నెలు చేసే ల క్రూసే కంపెనీ పెట్టారు. ఇనుము మీద గాజుపొడి పూత వేసి, సుమారు 800 డిగ్రీల దగ్గర కరిగించి అతికిస్తారు. అంటే కూరకు తగిలేది ఇనుము కాదు, గాజు. ఉత్త ఇనుప మూకుట్లో చింతపండు రసం పోస్తే ఏమవుతుందో తెలిసిందే: నల్లటి పులుసు, నాలిక మీద మేకు రుచి. ఇక గుత్తివంకాయ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే మన పెద్దవాళ్లు పులుసుకు రాచ్చిప్ప, అంటే రాతిగిన్నె, వాడారు. ఇక్కడివాళ్లు కల్‌చట్టి అంటారు, మైలాపూరు మాడవీధుల్లో ఇప్పటికీ దొరుకుతుంది. నిదానంగా వేడెక్కడం, దించాక కూడా చాలాసేపు కుతకుతమనడం దాని గుణం. ఈ ఎనామిల్ గిన్నెదీ అదే.

అలాగని మూకుణ్ణి అటకెక్కించమనను. వేపుడుకు అదే దిక్కు. పైగా ఉత్త ఇనుము కూరలోకి కాస్త ఇనుము దింపుతుంది. రక్తం తక్కువున్నవాళ్లకు మంచిదే. గాజుపూత గిన్నెతో ఆ లాభం లేదు. నేను కొత్తలో దీన్ని కూడా మూకుడే అనుకుని, పెద్దమంట మీద ఖాళీగా పెట్టి, పొగ చూసి కంగారుపడి చన్నీళ్లు పోశాను. టప్‌మంది. అడుగున రూపాయి బిళ్లంత గాజు లేచిపోయింది. ఆ గిన్నెలో ఇప్పుడు అరటిపళ్లే ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను. రెండోది మన దేశంలో చేసింది కొన్నాను, ధర చాలా తక్కువ. సన్నసెగ, చెక్క గరిటె, తాలింపు విడిగా పోపు గరిటెలో.

మొన్న నెల్లూరు నుంచి మా అత్తయ్య వచ్చారు. కాశిమేడు చేపలరేవు వంజరం, మామిడికాయ ముక్కలు. చేపల పులుసులో గరిటె పెట్టకూడదు, మసిగుడ్డతో రెండు చెవులూ పట్టుకుని గిన్నెనే తిప్పాలి. ఆవిడ పట్టుకుని, వెంటనే వదిలేశారు.

"ఇదేంది అమ్మాయ్, రోలు మాదిరి ఉండాది! దీన్ని తిప్పేదెట్టా?"

తిప్పే పని పడలేదు. గిన్నె వెడల్పు కాబట్టి ముక్కలన్నీ ఒకే వరసలో పడుకున్నాయి. రాత్రి వేరే గిన్నెలోకి తీయకుండా అందులోనే ఉంచేశాం. పొద్దున మూత తీస్తే పులుసు చిక్కబడి, పైన ఎర్రటి నూనె తేలింది, రంగు మారలేదు. అత్తయ్య వేడన్నంలో కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక తలెత్తారు.

"రాచ్చిప్పలో చేసినట్టే ఉండాది. తోమేది మాత్రం నువ్వే."