టైమ్ జోన్ తప్పితే గడియారాన్ని జరపడమేమిటి?

కంప్యూటర్ సమయం తప్పు చూపిస్తోందని చెప్పగానే మనవాళ్లు చేసే మొదటి పని, గోడ గడియారం ముల్లు తిప్పినట్టు అంకెలను చేత్తో జరిపి సరిపెట్టడం. ఈ అలవాటు మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. ఈ మధ్య మా బాబాయి ల్యాప్‌టాప్ పుణ్యమా అని అది ముదిరింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

బాబాయి కాకినాడలో ఉంటారు. జనవరిలో ల్యాప్‌టాప్ మొరాయిస్తే దగ్గర్లోని ఒక షాపులో విండోస్ మళ్లీ వేయించారు. అది అమెరికా పసిఫిక్ జోన్‌తో లేచింది. మన దేశ సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు చేరువలోనే పోతుంది. అలాంటి ఊళ్లో కూర్చున్న యంత్రానికి కాలిఫోర్నియా సమయం! షాపు కుర్రాడు జోన్ జోలికి పోకుండా, ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకునే మీటను ఆపేసి, అంకెలను పదమూడున్నర గంటలు ముందుకు జరిపి ఇచ్చేశాడు. ఆ మీట ఆపకపోతే గడియారం మళ్లీ మొదటికి వస్తుందని అతనికి తెలుసన్నమాట. ఎందుకు వస్తుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ పోస్టు అవసరమే ఉండేది కాదు.

కంప్యూటర్ లోపల లెక్క నడిచేది ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయంలో. జోన్ అన్నది ఆ లెక్కను మన ఊరి సమయంగా మార్చి చూపించే సూత్రం మాత్రమే. సూత్రం తప్పుగా ఉండగా పైకి కనిపించే అంకెను సరిచేస్తే, అంతవరకు సరిగ్గా ఉన్న లోపలి లెక్క పదమూడున్నర గంటలు తప్పిపోతుంది. తెర మీద ఉదయం పది అంటే పదే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు మన సమయం ప్రకారం శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు వీడియో కాల్ పెట్టి ఆహ్వానం పంపింది. జోన్ ఇంకా పసిఫిక్‌దే కాబట్టి బాబాయి క్యాలెండర్‌లో అది ఉదయం ఏడు గంటలకు పడింది. ఆయన స్నానం చేసి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఏడింటికల్లా తెర ముందు కూర్చున్నారు. అక్కడ శుక్రవారం రాత్రి ఏడున్నర, పిల్ల ఇంట్లోనే లేదు. పది గంటలకు ఆయన మెయిల్ ప్రోగ్రాం నుంచి నిష్ఠూరమాడుతూ రాసిన ఉత్తరం, ఆమెకు మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి పంపినట్టు చేరింది. ఇక మార్చి రెండో ఆదివారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే గడియారం తనంతట తానే గంట ముందుకు దూకి ఉంది, ఎందుకంటే ఆ రోజు అమెరికాలో గడియారాలు ముందుకు జరుపుతారు. బాబాయి దాన్ని వైరస్ అనుకున్నారు.

నేను చెప్పేది ఒక్కటే: చెయ్యి పెట్టేముందు తేడా ఎంతో చూడండి. తేడా సరిగ్గా గంటల్లోనో అరగంటల్లోనో ఉంటే అనుమానించవలసింది జోన్‌ను. సరిగ్గా అరగంట వెనకబడితే ఎవరో జాబితాలో ఇస్లామాబాద్, కరాచీ ఎంచుకుని ఉంటారు. పదిహేను నిమిషాలు ముందుంటే అది నేపాల్ సమయం. ఏడు నిమిషాలు, నలభై మూడు నిమిషాలు అంటూ పొంతన లేకుండా తప్పుతుంటే, లేదా తేదీ ఏకంగా కొన్నేళ్లు వెనక్కి పోతే, కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక అయిన మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే.

సరిగ్గా ఐదున్నర గంటల తేడా మాత్రం వేరే కథ, అది నా సొంత అనుభవం. ఒకే కంప్యూటర్‌లో విండోస్, దానిలాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన ఉబుంటు, రెండూ పెట్టుకున్నాను. కంప్యూటర్ ఆపేసినా ఆ బ్యాటరీతో నడిచే బోర్డు మీది గడియారంలో ఉబుంటు యూటీసీ సమయం రాసిపెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుని చదువుతుంది. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ఉబుంటు నుంచి విండోస్‌లోకి వచ్చిన ప్రతిసారీ గడియారం ఐదున్నర గంటలు వెనకబడేది. నేను కూడా మొదట్లో రోజూ చేత్తో జరిపిన మహానుభావుణ్ణే. చివరికి విండోస్ తన అమరికలన్నీ దాచుకునే రిజిస్ట్రీలో టైమ్‌జోన్ఇన్ఫర్మేషన్ కింద రియల్‌టైమ్ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1 చేస్తే గొడవ వదిలింది. ఉబుంటునే స్థానిక సమయానికి లొంగదీసే ఆదేశం కూడా ఉంది కానీ, అలా పెడితే ఆ వ్యవస్థే వద్దని హెచ్చరిస్తుంది.

బాబాయికి ఫోన్లోనే చెప్పి చేయించాను. కింద మూలన ఉన్న గడియారం మీద కుడి క్లిక్ చేసి, తేదీ సమయాల అమరికలోకి వెళ్లి, ముందు జోన్ మార్చి, ఆ తర్వాతే ఇంటర్నెట్ సమయం మీట వేసి, సింక్ నౌ నొక్కాలి. జాబితాలో ఆయన పావుగంట వెతికి, "ఒరేయ్, ఇందులో హైదరాబాద్ లేదేంట్రా?" అన్నారు. లేదు మరి, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అన్న వరుసే మనది. ఉబుంటులో అయితే ఆసియా, కోల్‌కతా అని ఉంటుంది. ఎంచుకోగానే గడియారం దారికొచ్చింది. మా చెల్లెలి మెయిల్ పెట్టెలో ఆ నిష్ఠూరపు ఉత్తరం మాత్రం ఇప్పటికీ మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటి ముద్రతోనే ఉంది.