పాత పాట కింద దూరిన కొత్త బీటు గారికి

మహారాజశ్రీ బీటు గారికి,

ఉభయకుశలోపరి. ఆదివారం మ్యాట్నీకి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో తమరి దర్శనమైంది. హీరో జీపు దిగాడు, నలభై ఏళ్ల కిందటి పాట అందుకుంది, హాలంతా ఈలలు. నాలుగో సెకనుకి తమరు దిగారు.

ఆ రోజుల్లో వయొలిన్లు, తబలా, ధోలక్, గాయకులు ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి కానిచ్చేవారని తమరి డైరెక్టరు గారికి ఎవరూ చెప్పినట్టు లేరు. చెవిలో టక్‌టక్‌మని తాళం చెప్పే క్లిక్ ఉండేది కాదు, కండక్టర్ చెయ్యే తాళం. పల్లవి నిమిషానికి 96 దెబ్బల్లో మొదలైతే చరణం ఊపులో 99కి పోయేది. పోవాలి కూడా, పాట ఊపిరి తీసుకునేది అక్కడే. తమరేమో 96 దగ్గర మేకు దిగేసినట్టు కదలరు. పదహారు దెబ్బలు తిరిగేసరికి అర దెబ్బ వెనక. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద రెండు డీజే లారీలు పక్కపక్కన ఆగినట్టుంటుంది.

మందు లేదా? ఉంది. ప్రతి ఆవర్తం మొదటి దెబ్బకీ చేత్తో గుర్తు పెట్టుకుంటూ పోయి, పాట ఎలా నడిస్తే తమరిని అలా నడిపించాలి. ఒక పూట పని. ఆ పూట మిగుల్చుకోడానికి పాటనే సాగదీసి కంప్యూటర్లో తమరి దెబ్బల గీతలకు అతికిస్తారు. దాంతో ఫ్లూటు నీళ్లలోంచి ఊదినట్టు, గమకం చలిజ్వరం వచ్చినట్టు. టేపు కాస్త వేగంగా తిరిగిన పాట శ్రుతి కీబోర్డు మెట్ల మధ్యెక్కడో ఉంటుంది. తమరి బేస్‌ని ఆ వెంట్రుకవాసి జరిపే నాథుడు లేడు.

1992 నాటి 'ఘరానా మొగుడు'లోని 'బంగారు కోడిపెట్ట'ని 2009లో 'మగధీర' కోసం కీరవాణి కొత్తగా పాడించారు. అక్కడ బీటు ఇంటిమనిషి. తమరు పిలవని పేరంటానికొచ్చారు.

ఒకే ఛానెల్లో ఉన్న మోనో పాటని చుట్టూ స్పీకర్లకి పంచి బావిలో పాడించడం, వేటూరి మాట మీద హీరోగారి పంచ్ డైలాగు పడటం ఇంకో ఉత్తరానికి ఉంచుతా. 1982 పాట రికార్డింగు మీద హక్కు 2042 చివరిదాకా ఉంటుంది. డబ్బు కట్టి, అనుమతి తెచ్చుకుని మరీ పాడుచేయడమేంటండీ?

మర్యాద ఇక నా వల్ల కాదు. నోర్మూసుకో. ఆదివారం చరణం రెండో లైను సగంలో పాట తెంచి, హీరోచేత తలుపు తన్నించారు. నువ్వూ ఆగావు, పీడా పోయింది. బాల్కనీలో ఎవరో మిగతా సగం అందుకున్నారు, కింద క్లాసు గొంతు కలిపింది. తాళం చప్పట్లే. ఎక్కడా తప్పలేదు.