ఊయల ఖాళీ అయితే తప్పెవరిది? లూజియానా హేరైడ్ మీద అక్కాతమ్ముళ్ల వాదం

(డాలస్‌లో ఉండే అక్క, కారులో మూడు గంటలు వెళ్లి లూజియానా రాష్ట్రం ష్రీవ్‌పోర్ట్‌లోని మునిసిపల్ ఆడిటోరియం చూసి వచ్చింది. 1948 ఏప్రిల్ 3న ‘లూజియానా హేరైడ్’ అనే కంట్రీ పాటల రేడియో షో మొదలైంది అక్కడే. పన్నెండేళ్లపాటు వారం వారం శనివారం రాత్రి సాగింది. తమ్ముడికి ఆ షో మీద అంత గౌరవం లేదు.)

తమ్ముడు: ఫొటోలు బాగున్నాయక్కా. కానీ ఆ షో కథ తలుచుకుంటే నాకు బాధే వేస్తుంది. నారు పోసింది వీళ్లు, పంట కోసుకుపోయింది కంట్రీ పాటల రాజధాని నాష్‌విల్. హాంక్ విలియమ్స్, వెబ్ పియర్స్, ఫారన్ యంగ్, జిమ్ రీవ్స్... ఈ పాటగాళ్లలో ఒక్కడు నిలిచాడా? ‘తారల ఊయల’ అని పేరొకటి!

అక్క: ఊయలలో పిల్లాడు ఎన్నాళ్లుంటాడురా? హాంక్‌నే తీసుకో. తాగుడు చూసి నాష్‌విల్‌లోని పెద్ద రేడియో షో గ్రాండ్ ఓల్ ఆప్రి వెనకాడింది. 1948 ఆగస్టులో హేరైడ్ స్టేజీ ఎక్కించింది. ఆ షో వేసిన కె.డబ్ల్యు.కె.హెచ్. స్టేషన్‌ది 50,000 వాట్ల బలం. మనూళ్లో రాత్రయ్యాక మీడియం వేవ్‌లో ఎక్కడెక్కడి స్టేషన్లో తగిలేవి చూడు, అలా రాష్ట్రాలు దాటి వినిపించేవాడు.

తమ్ముడు: ఏడాది తిరక్కుండా, 1949 జూన్‌కల్లా ఆప్రికి వెళ్లిపోయాడు. ఎందుకెళ్లడు? పాటల హక్కులు కొనే పబ్లిషర్లు, స్టూడియోలు, ఊరూరా ప్రోగ్రాములు కుదిర్చే ఏజెంట్లు అంతా అక్కడే ఉన్నారు. ష్రీవ్‌పోర్ట్ వాళ్లు షో నడిపారు గానీ, ఆ వ్యాపారం నిలబెట్టుకోలేదు. పాటగాడికి చప్పట్లతో ఇల్లు గడవదు కదా.

అక్క: అది ఒప్పుకుంటాను. వ్యాపారంలో వెనకబడ్డారు. కానీ 1952 ఆగస్టులో ఆప్రి హాంక్‌ని తీసేస్తే ఎక్కడికి వచ్చాడు? హేరైడ్‌కే. వదిలేసి పోయినవాడివి అనకుండా మళ్లీ పాడనిచ్చారు.

తమ్ముడు: నాలుగు నెలలు! 1953 జనవరి 1న చనిపోయాడు, ఇరవై తొమ్మిదేళ్లకే.

అక్క: అందుకే ఆ నాలుగు నెలలు నాకు పెద్దవిగా కనిపిస్తాయి.

తమ్ముడు: సరే, ఎల్విస్ ప్రెస్లీ మాటేంటి? శనివారానికి పద్దెనిమిది డాలర్లు, పక్క వాయిద్యగాళ్లిద్దరికీ తలా పన్నెండు. అంత తక్కువకి ఏడాదిపాటు కట్టిపడేశారు.

అక్క: హేరైడ్‌కి రావడానికి రెండు వారాల ముందు ఆప్రిలో ఒక్కసారి పాడాడు, మళ్లీ అక్కడ పాడలేదు. 1954 అక్టోబరు 16న హేరైడ్‌కి వచ్చినప్పుడు పంతొమ్మిదేళ్ల కుర్రాడు. వారం వారం అదే మైకు ముందు నిలబడితే తప్ప కుదురు రాదురా. ఇంకోటి విను. ఆప్రి స్టేజీ మీద డ్రమ్స్ వద్దనే రోజులవి. హేరైడ్‌కి సొంత డ్రమ్మర్ ఉన్నాడు, డి.జె. ఫొంటానా. మొదట్లో తెర వెనక కూర్చోబెట్టి వాయించమన్నారట, జనం ఏమంటారోనని. అతనే తర్వాత ఎల్విస్ డ్రమ్మర్ అయ్యాడు.

తమ్ముడు: ఆ ఎల్విసే షోని మింగేశాడు. పొడిగించిన కాంట్రాక్టు నుంచి బయటపడడానికి పదివేల డాలర్లు కట్టి, 1956 డిసెంబరు 15న చివరిసారి పాడాడు. అతను దిగగానే పిల్లలంతా గుమ్మాల వైపు పరుగు. నిర్వాహకుడు హొరేస్ లోగన్, ‘ఎల్విస్ బిల్డింగ్ వదిలి వెళ్లిపోయాడు, కూర్చోండి’ అని మైకులో బతిమాలాడు. అక్కడింకా పాడాల్సినవాళ్లున్నారక్కా! నాలుగేళ్లలో, 1960 ఆగస్టులో, వారం వారం షో ఆగిపోయింది.

అక్క: ఆ పాడాల్సినవాళ్లను తలుచుకుంటే నాకూ గుండె కలుక్కుమంటుంది. కానీ తప్పు ఊయలది కాదు. ఇంటింటికీ టీవీ వచ్చింది, కుర్రాళ్లు రాక్ అండ్ రోల్ వైపు మళ్లారు. నాష్‌విల్ బలం ముందు ఎన్ని ఊళ్ల షోలు నిలిచాయి చెప్పు?

తమ్ముడు: ఆప్రి నిలిచిందిగా.

అక్క: నిలిచింది. కానీ ఆ ఆడిటోరియం ముందు రెండు విగ్రహాలున్నాయి. ఒకటి ఎల్విస్‌ది, రెండోది గిటార్ వాయించే జేమ్స్ బర్టన్‌ది. ష్రీవ్‌పోర్ట్‌లో పెరిగినవాడు, పద్నాలుగేళ్లకే హేరైడ్ బృందంలో వాయించాడు. 1969లో ఎల్విస్ మళ్లీ జనం ముందుకు రావాలనుకున్నప్పుడు పిలిచింది అతన్నే. చివరిదాకా పక్కనే ఉన్నాడు.

తమ్ముడు: అతనూ కాలిఫోర్నియా వెళ్లినవాడేగా?

అక్క: వెళ్లాడు. వచ్చే నెల నువ్వొస్తే, ఆ విగ్రహం దగ్గరికి తీసుకెళ్తాను. అక్కడ నిలబడి మళ్లీ అడుగు.