ప్యానెల్ స్పీకర్లను గోడకు ఆనించమని చెప్పకండి

బాక్స్ స్పీకర్లు తీసేసి ప్యానెల్ స్పీకర్లు, అంటే పెట్టె లేకుండా పెద్ద పలచటి పొర ఊగి శబ్దం చేసేవి, పెట్టుకోమనే మెసేజ్ ఒకటి మిత్రులు పంపుతూనే ఉన్నారు. ఒకసారి జవాబు రాస్తే మళ్లీ ఇంకొకరి దగ్గర్నుంచి అదే వస్తోంది. అందులో ఉన్నవి ఆరు మాటలు. పెట్టె లేదు కాబట్టి ప్యానెల్ శబ్దమే స్వచ్ఛమైనది. పొర తేలిక కాబట్టి బేస్ (కింది స్వరాలు) కూడా వేగంగా వస్తుంది. బాక్స్ అనేది పాత టెక్నాలజీ. ఇంట్లో ఉన్న ఏ ఆంప్ (యాంప్లిఫయర్) అయినా చాలు. ఎక్కడ కూర్చున్నా ఒకేలా వినిపిస్తుంది. పలచగా ఉంటుంది కాబట్టి గోడకు ఆనించుకోవచ్చు, చిన్న గదికి ఇంతకన్నా మంచిది లేదు. ఈ చివరి మాట నమ్మి కొన్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

ప్యానెల్‌లోని పొర ముందుకు ఎంత శబ్దం పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది, కాకపోతే తలకిందులుగా. ముందు గాలి ఒత్తుకుంటే వెనక పలచబడుతుంది. ఆ వెనక శబ్దం గోడకు తగిలి తిరిగొచ్చి ముందు శబ్దంలో కలుస్తుంది. ప్యానెల్‌కూ గోడకూ మధ్య 20 సెంటీమీటర్లు వదిలారనుకోండి. వెనక శబ్దానికి రానూపోనూ 40 సెంటీమీటర్లు. దాదాపు 860 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సరిగ్గా అంతే. తిరిగొచ్చిన శబ్దం అక్కడ ముందు శబ్దానికి ఎదురు నిలిచి దాన్ని బలహీనపరుస్తుంది. దానికి రెండింతలు, మూడింతలు ఉన్న ఫ్రీక్వెన్సీల్లోనూ ఇదే జరుగుతుంది. 860 అంటే ఎక్కడో మూలన ఉన్నది కాదు, గాయని ‘ఆ’ అని రాగం తీస్తే ఆ అచ్చుకు నిండుదనం వచ్చే ప్రాంతం. ఇక కింది స్వరాల తరంగాలు మీటర్ల పొడవుంటాయి. వాటికి ఆ 40 సెంటీమీటర్లు లెక్కలోకే రావు. ముందుదీ వెనకదీ దాదాపు ఒకేసారి కలిసి చాలావరకు రద్దయిపోతాయి. మృదంగంలో తొప్పి మోత పోయి వేళ్ల చప్పుడు మిగులుతుంది.

వెనక కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. అప్పుడు తిరిగొచ్చే శబ్దం సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యమవుతుంది, చెవి దాన్ని గదిలోని విశాలత్వంగా తీసుకోగలుగుతుంది. చిన్న గదిలో ఆ మీటరు ఎక్కడి నుంచి తెస్తారు? గోడ దగ్గరే పెట్టక తప్పనివాళ్లకు బాక్సే నయం, అందులోనూ వెనక రంధ్రం లేని సీల్డ్ బాక్స్. గోడ పక్కన దాని బేస్ పెరుగుతుంది. పెరిగినదాన్ని టోన్ కంట్రోల్‌తో తగ్గించుకోవచ్చు. రద్దయిపోయినదాన్ని ఎంత తిప్పినా వెనక్కి తెచ్చుకోలేరు.

బేస్ వేగం మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. 40 హెర్ట్జ్ స్వరానికి ప్యానెల్‌లోని ఏ పొరైనా, బాక్స్‌లోని ఏ కోన్ అయినా సెకనుకు 40 సార్లే ఊగుతుంది. అక్కడ కావలసింది గాలిని పెద్ద ఎత్తున కదపడం, వెనక శబ్దం ముందుకు రాకుండా ఆపడం. పెట్టె ఉన్నదే అందుకు. ప్యానెళ్లు చేసే మార్టిన్ లోగన్ కంపెనీ వాళ్లే చాలా మోడళ్లలో ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ (పొరను విద్యుత్ చార్జ్‌తో ఊపేది) కింద పెట్టె కట్టి, బేస్ కోసం వూఫర్ పెడతారు.

పాత టెక్నాలజీ అంటారా? ఎడ్గర్ విల్చర్ సీల్డ్ బాక్స్ ఏఆర్-1 వచ్చింది 1954లో. పీటర్ వాకర్ కంపెనీ క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ అమ్మకానికి వచ్చింది 1957లో. ఇంతకన్నా దీని గురించి మాట్లాడాల్సింది లేదు.

ఏ ఆంప్ అయినా చాలన్న మాట మాత్రం వదిలేయలేను. ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ ఆంప్‌కు కెపాసిటర్‌లా కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) పడిపోతూ, కొన్ని మోడళ్లలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1, 2 ఓమ్‌లకు చేరుతుంది. మామూలు రిసీవర్ తట్టుకోలేక ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతే అదృష్టమే. మాగ్నెపాన్ లాంటి అయస్కాంతపు ప్యానెళ్లకు ఈ బాధ లేదు, కానీ వాటికి వాట్లు ఎక్కువ కావాలి. సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు వచ్చే మోత) 90 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ బదులు 84 ఉన్నది పెడితే అదే మోతకు నాలుగింతల పవర్ పెట్టాలి. ఎలక్ట్రోస్టాటిక్‌లో పొరను చార్జ్ చేయడానికి ప్రతి స్పీకర్‌కూ కరెంట్ ప్లగ్ కూడా కావాలి. ఇంత అవసరమైన విషయం ఒక్కటీ రాయకుండా కొనేయమని ఎలా చెప్తారు?

పెట్టె లేని శబ్దం స్వచ్ఛమన్న మొదటి మాటలో మాత్రం నిజముంది. చవక స్పీకర్ పెట్టె పక్క చెక్కను వేలి కణుపుతో కొట్టి చూడండి. ఆ ‘టొక్’ ప్రతి పాటలోనూ కాస్త కలుస్తుంది. ప్యానెల్‌లో అది ఉండదు. పైగా ప్యానెల్ పక్కలకు చాలా తక్కువ శబ్దం పంపుతుంది కాబట్టి పొడవైన ఇరుకు గదిలో పక్కగోడల గోల తగ్గుతుంది. వెనక తగినంత చోటుండి, వినేది గొంతు ఒక్కటే అయితే నేనూ ప్యానెల్‌నే ఎంచుకుంటాను. అలాగని పెట్టె మోతకు మందు లేదనడం అన్యాయం. బీబీసీ ఇంజనీర్లు ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న బాక్స్ స్పీకర్ కోసం పెట్టె గోడలను కావాలనే పలచటి ప్లైవుడ్‌తో చేసి, లోపల డ్యాంపింగ్ (ఊపును అణిచే పదార్థం) అంటించి, ఆ మోతను చెవికి పెద్దగా తెలియని చోటికి దించారు.

ఇక ఎక్కడ కూర్చున్నా ఒకటే అన్నది. 10,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3.4 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల వెడల్పున్న చదును పొర ఆ శబ్దాన్ని టార్చిలైట్‌లా ఒకే దిక్కుకు కొడుతుంది. దీన్ని సరిచేయడానికే క్వాడ్ 1981లో ఈఎస్‌ఎల్-63 మోడల్‌లో పొరకు ఇరువైపులా వలయాలు పెట్టి, బయటి వలయాలకు శబ్దం కాస్త ఆలస్యంగా అందేలా చేసింది. మార్టిన్ లోగన్ పొరను వంచింది. మాగ్నెపాన్ ట్రెబుల్‌కు (పై స్వరాలకు) సన్నటి పట్టీ వాడింది. అయినా చాలా ప్యానెళ్లలో సోఫా మధ్య నుంచి చివరికి జరిగితే తాళాల తళుకు తగ్గిపోవడం వెంటనే తెలుస్తుంది. డెమోకు వెళ్తే మధ్య సీట్లో విన్న పాటే చివర కూర్చుని మళ్లీ వినండి. ఇంట్లో నలుగురూ కలిసి వినేవాళ్లైతే ఆ చివర కూర్చునేవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.