నార్మండీలో దిగని ట్రక్కు లేదు

చెడిపోయిన, కూరుకుపోయిన బండ్లను లాగి తెచ్చే పాత సైనిక రికవరీ ట్రక్కులను కాపాడుతున్నవారికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నేను ఎంతోకాలంగా విన్నవించుకుంటున్నాను. ట్యాంకును కాపాడినవాణ్ణి దేశభక్తుడంటారు. జీపును కాపాడినవాణ్ణి రసికుడంటారు. క్రేనూ, తీగ చుట్టి బరువులు లాగే వించ్‌ ఉన్న ఇనుపగుట్టను తెచ్చి పెరట్లో నిలబెట్టినవాణ్ణి మాత్రం సొంత ఇంటివాళ్లే ‘దీన్ని తూకానికి ఎప్పుడేస్తారు?’ అని అడుగుతారు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి, అంతకన్నా ముఖ్యంగా ఈ ట్రక్కుల చరిత్రను వాస్తవాల బారినుంచి రక్షించడానికి, నాకు తోచిన కొన్ని సూచనలను సవినయంగా మనవి చేస్తున్నాను.

అసలు వీటి చరిత్రకు ఇంత కరవు ఎందుకు వచ్చిందో ముందుగా తెలుసుకోవాలి. యుద్ధానికి వెళ్లిన ఫొటోగ్రాఫరు కాలుతున్న ట్యాంకును తీస్తాడు, గెలిచిన ట్యాంకును తీస్తాడు, చివరకు బురదలో కూరుకుపోయిన ట్యాంకును కూడా తీస్తాడు; దాన్ని బయటికి లాగడానికి వచ్చిన ట్రక్కు మాత్రం ఫొటో అంచున అరచక్రంగా మిగులుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి ఉత్తర ఆఫ్రికా ఎడారి పోరులో సాయంత్రానికి రణరంగం ఎవరి చేతిలో ఉంటే వారే చెడిపోయిన ట్యాంకులను ఈడ్చుకుపోయి బాగుచేసుకునేవారు, మళ్లీ వాటితోనే యుద్ధానికి వచ్చేవారు. ఈ విద్యలో జర్మన్లు మొదట్లో బాగా ముందుండేవారు. అంతవరకూ పలు దళాల మధ్య పంచి ఉంచిన మరమ్మతు పనిని బ్రిటిష్ సైన్యం 1942 అక్టోబరు 1న ఒకే గొడుగు కిందికి తెచ్చి, రీమీ అని పిలిచే ఇంజనీర్ల దళాన్ని ఏర్పాటు చేసింది. ఇంత పని చేసినా ఈ ట్రక్కుకు కావ్యంలో చోటు దొరకలేదు. లాగినవాడిని ఎవరు తలచుకుంటారు?

యంత్రాలు చూస్తే కవి పుట్టవలసినంత సామగ్రి ఉంది. వాట్‌ఫర్డ్‌లో తయారైన బ్రిటిష్ ట్రక్కు స్కామెల్ పయనీర్‌నే తీసుకుందాం. దానిది 102 హార్స్‌పవర్ గార్డ్‌నర్ డీజిల్ ఇంజను. వెనుక చక్రాల్లో ఒకటి గుంతలో, ఒకటి గట్టు మీద ఉన్నా రెండూ నేలను వదలకుండా నడిచే ఏర్పాటు దానికి ఉంది. వేగమంటారా, ఎంత తొక్కినా గంటకు నలభై కిలోమీటర్లు అందుకోదు. వెనుక పెద్ద బరువును వేలాడదీసినప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేవకుండా ముక్కుకు ఇనుప దిమ్మెలు తగిలించేవారు. ఇంజనును చేత్తో హ్యాండిల్ తిప్పి మేల్కొలపవలసి వచ్చేది. ఇవాళ అదే హ్యాండిల్ తిప్పి నడుము పట్టేసిన పరిరక్షకులు, అది ట్రక్కులోని లోపం కాదని, మానవజాతి క్షీణతకు నిదర్శనమని వివరిస్తారు.

అమెరికా వారి డైమండ్ టీ 969ది మరో ఘనత. దాని వెనుక హోమ్స్ కంపెనీ వారి రెండు బూములు, అంటే బరువెత్తే క్రేను చేతులు, ఉంటాయి. ఒక్కొక్కటి ఐదు టన్నులు మోయగలదు, ఒకదాన్ని ఒక పక్కకు తిప్పి చెట్టుకు కట్టేసి నిలదొక్కుకుంటే రెండోదానితో మరో పక్కన ఉన్న బరువును లాగవచ్చు. ఈ హోమ్స్ వారి కథ 1916లో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో మొదలైంది. వాగులో బోల్తాపడిన ఒక కారును కప్పీలతో, తాళ్లతో, కొందరు మనుషులతో గంటల తరబడి తంటాలుపడి పైకి తెచ్చిన ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని, ఈ పనికి ఒక యంత్రం ఉండాలని నిశ్చయించుకున్నాడు. అంటే సైన్యం వాడిన ఈ మహాయంత్రం పుట్టుకే ఒక మామూలు గ్యారేజీలో జరిగింది. ఈ విషయాన్ని దయచేసి బయట చెప్పకండి, ఎందుకంటే ఇకపై నేను ప్రతిపాదించబోయే సిద్ధాంతానికి ఇది అడ్డువస్తుంది.

సిద్ధాంతం ఇది: రికవరీ ట్రక్కు సైన్యంలో గడిపిన కాలమే దాని జీవితం, మిగిలినదంతా పొరపాటు. ఒక ట్రక్కు యుద్ధం చివరి నెలల్లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి, డిపోలో వరుసగా నిలబెట్టిన వందలాది ట్రక్కుల మధ్య వానకు తడిసి, ఒక్క ట్యాంకును కూడా తాకకుండా వేలంలో అమ్ముడుపోయి ఉండవచ్చు. తరువాత ఏదో గ్యారేజీలో చేరి, ముప్పై నలభై ఏళ్లపాటు మంచులో, మంచు లేనప్పుడు బురదలో, కాలవల్లోకి జారిన లారీలనూ లోయల్లో పడిన బస్సులనూ అర్ధరాత్రి వెళ్లి పైకి తెచ్చి ఉండవచ్చు. తాను ఏ పనికోసం పుట్టిందో ఆ పనిని అది నిజంగా చేసింది ఈ రెండో జన్మలోనే. అయినా పరిరక్షకుడు చేసే మొదటి పని, ఆ గ్యారేజీ పసుపు రంగును గీకి పారేయడం. లోతైన విచారణ తరువాతే ఈ నిర్ణయానికి వచ్చామని ఆయన చెబుతాడు. విచారణ అంటే ఆకుపచ్చ రంగు డబ్బా ధర కనుక్కోవడం.

రంగు విషయంలో మనం కఠినంగా ఉండక తప్పదు. పాత ట్రక్కు బానెట్ పక్కభాగాన్ని నీళ్లు చల్లుతూ సన్నని ఎమరీ కాగితంతో ఓపికగా రుద్దితే పొరలన్నీ ఒకదాని వెనుక ఒకటి పలుకుతాయి. పైన గ్యారేజీ వారి ఎరుపో పసుపో, దాని కింద యుద్ధం తరువాత బ్రిటిష్ సైన్యం వేసిన మెరిసే ముదురాకుపచ్చ, ఇంకా కింద అమెరికా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మెరుపులేని ఆలివ్ రంగు. అదృష్టం బాగుంటే ఆ ఆలివ్ మీద మసక నీలంతో రాసిన తొలినాటి నంబరు నీడలా తేలుతుంది. ఆ నంబరు ఒక్కటి చాలు, ట్రక్కు ఎక్కడిదో, ఎప్పటిదో వెతకడానికి దారం కొస దొరికినట్టే. ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. నంబరు తేలిందంటే నిజం తేలుతుంది, నిజం తేలిందంటే ఆ ట్రక్కు యుద్ధమంతా ఏదో శిక్షణ శిబిరంలో కొత్త డ్రైవర్లకు రివర్స్ గేరు నేర్పుతూ గడిపిందని బయటపడే అవకాశం ఉంది. కాబట్టి ఎమరీ కాగితాన్ని నిషేధించి, జోరుగా చిమ్మి రంగంతా ఊడగొట్టే ఇసుక బ్లాస్టింగ్‌ను తప్పనిసరి చేయాలని నా మొదటి సూచన. ఒక్క పూటలో పొరలన్నిటి చరిత్ర నేల మీద పొడిగా రాలిపోతుంది, శుభ్రమైన ఇనుము మిగులుతుంది. దాని మీద మనకు నచ్చినది రాసుకోవచ్చు.

నచ్చినది ఏమిటో అందరికీ తెలుసు. ప్రదర్శనకు వచ్చిన ట్రక్కుల్లో ఎక్కువ భాగం 1944 జూన్ 6న మిత్రసేనలతో కలిసి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన దిగినవే. వలయంలో తెల్ల నక్షత్రం, యూనిట్‌ను సూచించే రంగుల చతురస్రం, ఏ తరగతి వంతెన మీద నడవవచ్చో చెప్పే పసుపు వృత్తం, అన్నీ చక్కగా ఉంటాయి. వాటిని లెక్కపెట్టుకుంటూ పోతే ఆ తీరంలో సైనికులు నిలబడడానికి చోటెలా దొరికిందా అన్న సందేహం కలుగుతుంది. కొన్ని ట్రక్కులు తమ తయారీ తేదీకి ఏడాది ముందే అక్కడ దిగాయి. పని మీద ఉన్న శ్రద్ధకు ఇంతకన్నా తార్కాణం ఏముంటుంది?

ఇలాంటి చిన్నచిన్న ఇబ్బందులను పరిష్కరించడానికే డేటా ప్లేటు అనే సదుపాయం ఉంది. అమెరికా సైనిక ట్రక్కు డాష్‌బోర్డు మీద మోడల్, సీరియల్ నంబరు, సైన్యానికి అప్పగించిన తేదీ చెక్కిన రేకు ఉండేది. ఇవాళ దానికి కొత్త నకళ్లు అమ్ముతున్నారు. అవి అంకెల చోట్లు ఖాళీగా ఉంచి వస్తాయి, అచ్చులు పెట్టి సుత్తితో మనమే కొట్టుకోవాలి. చరిత్రను ఇంత శుభ్రంగా ఖాళీ పెట్టి అందించిన వ్యాపారం మరొకటి లేదు. ఛాసిస్ పట్టీ మీద ఫ్యాక్టరీలో గుద్దిన నంబరు మాత్రం ఇంకా మొండికేస్తోంది. దాని మీద రెండు మూడు పూతలు మందంగా వేస్తే సర్దుకుంటుందని అనుభవజ్ఞుల మాట.

పట్టువదలని పరిశోధకులు కూడా ఉన్నారు, వీరితో జాగ్రత్త. డైమండ్ టీ 980కీ 981కీ తేడా చెప్పమంటే వీరు బానెట్ జోలికే పోరు, నేరుగా ముందు బంపరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటారు. 980 వించ్ తీగ 300 అడుగులది, వెనుక నుంచి మాత్రమే లాగుతుంది. 981ది 500 అడుగులది, ముందు నుంచి కూడా లాగుతుంది, అందువల్ల తీగ బయటికి వచ్చే దారి బంపరులో ఉంటుంది. ఒక రంధ్రాన్ని చూసి ట్రక్కు జాతకం చెప్పేవారి ముందు మన నక్షత్రాలూ వృత్తాలూ ఎంతసేపు నిలుస్తాయి? అందుకే ప్రదర్శనల్లో బంపర్ల ముందు పూలకుండీలు పెట్టించాలని నా రెండో సూచన.

బ్రిటన్ ట్రక్కుల విషయంలో ప్రభుత్వమే మనకు ఎంతో సాయం చేసింది. 1949లో సైన్యం పాత నంబర్లను రద్దుచేసి, రెండంకెలు, రెండక్షరాలు, మళ్లీ రెండంకెల కొత్త పద్ధతి తెచ్చింది. యుద్ధకాలపు నంబరుకూ కొత్త నంబరుకూ మధ్య లంకె వేయాలంటే ఏదో ఒక కాగితం మిగిలి ఉండాలి, మిగలకపోతే కథ అక్కడే తెగిపోతుంది. ఆ తరువాత నాటింగ్‌హామ్‌షైర్‌లోని రడ్డింగ్టన్ లాంటి చోట్ల జరిగిన వేలంపాటల్లో కొన్న గ్యారేజీలవారు ఇంకా మేలు చేశారు. వారిలో చాలామంది ఈ ట్రక్కులను సొంత రిజిస్ట్రేషన్ లేకుండానే, వ్యాపారులకు ఇచ్చే ట్రేడ్ ప్లేట్లు తగిలించి దశాబ్దాలపాటు తిప్పారు. ఆ ప్లేటు వ్యాపారికి చెందుతుంది, బండికి కాదు. ఇవాళ ఒక బండికి, రేపు మరొకదానికి. అందువల్ల ఊరంతా ఎరిగిన ట్రక్కుకు సర్కారు లెక్కల్లో ఉనికి లేదు. ఈ ఖాళీ మన కల్పనకు ఎంత అనువైనదో వేరే చెప్పనక్కర్లేదు. చిక్కల్లా ఇప్పుడు రోడ్డు మీదికి తేవాలంటే తయారీ తేదీకి రుజువు చూపమని అధికారులు అడగడమే. అప్పుడు మాత్రం పరిరక్షకుడు నార్మండీని కాసేపు పక్కనపెట్టి, అణకువగా అసలు తేదీ చెబుతాడు. ఒకే ట్రక్కుకు కార్యాలయంలో ఒక పుట్టినరోజు, ప్రదర్శన మైదానంలో మరొకటి.

నా చివరి సూచన అన్నిటికన్నా అత్యవసరమైనది. కాగితాలు పోయినా, రంగులు రాలినా, ఒక సాక్షి మాత్రం మిగిలి ఉన్నాడు. ఆయన ఆ గ్యారేజీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న డ్రైవరు. ప్రదర్శనకు వస్తాడు, కొత్తగా మెరుస్తున్న ట్రక్కు చుట్టూ ఒకసారి తిరుగుతాడు, ఎడమవైపు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి, ఇక్కడ సొట్ట ఉండేదే, పాల ట్యాంకరును లాగుతుంటే వంతెన గోడకు తగిలి పడింది, అది నావల్లే అంటాడు. ఆ పక్కనే ఉన్న బోర్డు మీద ఆ ట్రక్కు నార్మండీ నుంచి రైన్ నది దాకా సాగిన వీరగాథ ఉంటుంది. ఆయన దాన్ని మర్యాదగా పూర్తిగా చదువుతాడు, ఏమీ అనడు, జేబులోంచి ఒక పాత ఫొటో తీస్తాడు. అందులో ఆ ట్రక్కు పసుపు రంగులో, తలుపు మీద గ్యారేజీ పేరుతో, కొక్కేనికి పాల ట్యాంకరుతో, ఎడమ మడ్‌గార్డు మీద సొట్టతో నిలబడి ఉంటుంది. ఈ పరిస్థితి రాకుండా సొట్టలను ముందుగానే పూడ్చేయడం పొరపాటని నేను నమ్ముతున్నాను. వాటిని అలాగే ఉంచి, ఏ సొట్టను ఏ జర్మన్ ట్యాంకు చేసిందో తీర్మానించే అధికారాన్ని సమర్థులైన సభ్యులతో కూడిన కమిటీకి అప్పగించాలి. ఫొటోలు పట్టుకొచ్చేవారికి ప్రవేశ రుసుము రెట్టింపు చేయాలి.